మొదటి సైక్లోక్రాస్ రేసుకి మూడు వారాలే ఉంది, కొత్త బైకు కొనాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 41, అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం హిల్స్‌బొరోలో ఉద్యోగం. రెండేళ్ళుగా గ్రావెల్ బైకు (కంకర, మట్టి దారుల మీద తొక్కే సైకిలు) తొక్కుతున్నారు, శనివారాలు అరవై డెబ్భై కిలోమీటర్లు పోతారు. సెప్టెంబరులో పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల సైక్లోక్రాస్ (గడ్డి, మట్టి, మెట్ల మీదుగా సాగే సైకిలు రేసుల) సీజన్ మొదలవుతోంది, ఆఫీసులో ఒకాయన మీరూ రండి అన్నాడు, మీరు సరే అనేశారు. ఇప్పుడు టెన్షన్. క్రాస్ బైకు కొనాలా, మూడు వారాల్లో ఏం ప్రాక్టీసు చేయాలి, అందరికంటే చివర వచ్చి నవ్వులపాలవుతానా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. బైకు కొనొద్దు. ఉన్న గ్రావెల్ బైకుతోనే రండి, బిగినర్ కేటగిరీలో పేరివ్వండి. మూడు వారాల్లో కాళ్ళకి బలం పెంచుకుందామని చూడకండి, పెరగదు. ఆ టైములో ఆగకుండా దిగడం, ఆగకుండా ఎక్కడం, టైర్లలో గాలి ఎంత ఉండాలో తెలుసుకోవడం, ఈ మూడూ పట్టుకోండి. చివర వస్తారా అంటే, చివరి పదిమందిలో ఉండే అవకాశం బాగానే ఉంది. దాని గురించి కింద రాస్తాను, ఎందుకంటే ఇక్కడ చివర రావడమంటే మీరు ఊహించుకుంటున్నట్టు ఉండదు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఎవరో ఛాంపియన్ చెబుతున్నాడనుకుంటారు. ఈ శరదృతువుకి నాకు తొమ్మిదో సీజన్. ఒక్కసారి కూడా పోడియం ఎక్కలేదు. 35 ఏళ్ళు దాటినవాళ్ళ మాస్టర్స్ కేటగిరీ‌లో సరిగ్గా మధ్యలో ఉంటాను, మంచిరోజు అయితే మధ్యకి కొంచెం ముందు. కాబట్టి ఇది గుంపు మధ్యలోంచి వచ్చే సలహా, ముందు వరుసలోంచి కాదు.

ఈ ఆట చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పార్కులోనో, ఫెయిర్ గ్రౌండ్స్‌లోనో రెండు మూడు కిలోమీటర్ల చుట్టు గీస్తారు, రెండువైపులా ప్లాస్టిక్ టేపు కడతారు. గడ్డి, మట్టి, ఇసుక, అడ్డవాలు, ఒకటి రెండు చోట్ల మెట్లు లేదా నిటారైన గట్టు, ఎక్కడో ఒకచోట అడ్డంగా చెక్క పలకలు. పలకల ఎత్తు 40 సెంటీమీటర్ల లోపు ఉంటుంది. వాటి దగ్గర దిగి, సైకిలు ఎత్తి పట్టుకుని దాటి, మళ్ళీ ఎక్కి తొక్కాలి. ఇంత దూరం అని ఉండదు, ఇంత సేపు అని ఉంటుంది. పెద్దవాళ్ళ రేసు దాదాపు గంట, మీలాంటి కొత్తవాళ్ళకి అరగంట. ఫ్రాన్స్‌లో 1902 నాటికే జాతీయ ఛాంపియన్‌షిప్ పెట్టేశారు కాబట్టి ఇదేదో నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఆక్టావ్ లపీజ్ చలికాలంలో ఇదే ఆడి కాళ్ళు గట్టిపరచుకున్నాడని చెబుతారు. ఇప్పుడు దీనికి కంచుకోటలు బెల్జియం, నెదర్లాండ్స్. అమెరికాలో దీని పిచ్చి ఎక్కువున్న ఊళ్ళలో మన పోర్ట్‌లాండ్ ఒకటి. తొంభైల్లో మొదలైన క్రాస్ క్రూసేడ్ అనే ఇక్కడి రేసుల సిరీస్‌కి మంచి ఊపులో ఉన్న ఏళ్ళలో ఒక్కరోజే వెయ్యిమందికి పైగా వచ్చేవారు.

ఇక బైకు సంగతి. క్రాస్ బైకుకీ గ్రావెల్ బైకుకీ తేడా లేదని అనను. క్రాస్ బైకు కింద భాగం కాస్త ఎత్తుగా ఉంటుంది, ఇరుకు మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది, భుజాన వేసుకోవడానికి ఫ్రేములో చోటుంటుంది. కానీ ఆ తేడా మీకు తెలియాలంటే ముందు మలుపు సరిగ్గా తిరగడం రావాలి. అది రావడానికి ఒక సీజన్ పడుతుంది. పెద్ద రేసుల్లో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నియమం ప్రకారం టైరు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. మా స్థానిక రేసుల్లో బిగినర్లకి ఆ కొలతలు ఎవరూ తీయరు. అయినా రేసు ప్రకటన ఒకసారి చదువుకోండి. మీ 38 టైర్లు మొదటి రేసుకి ఇంకా మేలే చేస్తాయి. అంతగా కొనాలనిపిస్తే జనవరి దాకా ఆగండి. సీజన్ అయిపోగానే సగంమంది తమ బైకులు అమ్మకానికి పెడతారు, చైను మార్చుకుంటే చాలన్నట్టున్నవి దొరుకుతాయి.

రేసుకి ముందు బైకు మీద చేయాల్సిన మార్పు ఒక్కటే: బాటిల్ కేజులు పీకేయండి. అరగంటకి నీళ్ళు అక్కర్లేదు, తాగే సందు కూడా దొరకదు. భుజాన వేసుకునేటప్పుడు ఆ కేజు నడుముకి గుచ్చుకుంటుంది.

టైర్లలో గాలి. ఈ ఒక్క విషయం మీదే పేజీలు రాయగలను. నా మొదటి రేసుకి నేను 55 పీఎస్ఐ కొట్టుకుని వెళ్ళాను. రోడ్డు మీద నుంచి వచ్చినవాణ్ణి, గాలి గట్టిగా ఉంటే వేగం వస్తుందని నమ్మకం. గడ్డిలో మొదటి మలుపు దాటానో లేదో సైకిలు గుంటగుంటకీ ఎగరడం మొదలుపెట్టింది. తర్వాత అడ్డవాలు వచ్చింది. అంటే గట్టుకి అడ్డంగా, ఒకవైపు పైకి ఒకవైపు కిందికి ఉన్నచోట పక్కగా పోవాలన్నమాట. ముందు చక్రం సబ్బు మీద కాలేసినట్టు జారి, నేను టేపుతో సహా కింద ఉన్న ఒకావిడ మడతకుర్చీ పక్కకి చేరాను. ఆవిడ నన్ను లేపలేదు. చేతిలో గంట మోగించి 'గాలి తగ్గించు!' అని అరిచింది. నాకు ఈ ఆటలో అందిన మొదటి కోచింగ్ అదే.

మీ బరువు 72 కిలోలన్నారు. టైర్లు 38, ట్యూబ్‌లెస్ అయితే ముందు 26, వెనక 28 పీఎస్ఐతో మొదలుపెట్టండి. మామూలు గడ్డి మైదానంలో, ఒకటి రెండు వేర్లు ఉన్నచోట తిరగండి. ఒక్కో పీఎస్ఐ తగ్గిస్తూ పోండి. చుట్టుకి ఒకసారో రెండుసార్లో రిమ్ము నేలకి 'టక్' మని తగిలే స్థితి వస్తుంది, అక్కడ ఆపి ఒకటి పెంచండి. అదే మీ లెక్క. మలుపులో టైరు పక్కకి మడతపడుతున్నట్టు అనిపిస్తే మరీ తగ్గించారన్నమాట. లోపల ట్యూబ్ ఉంటే మాత్రం ఈ అంకెలు పనికిరావు. 35 కంటే కిందకి పోకండి, రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. ఇంకో మాట, ఇంట్లో పెద్ద పంపు మీదుండే గేజి ఇంత తక్కువ గాలి దగ్గర నిజం చెప్పదు. చిన్న డిజిటల్ గేజి ఒకటి కొనుక్కోండి, ఎప్పుడూ దాంతోనే కొలవండి. ఈ సీజన్‌కి నేను ఒప్పుకునే కొనుగోళ్ళలో మొదటిది అది.

గాలి తగ్గిస్తే ఏమవుతుందంటే, టైరు నేలని పట్టుకుంటుంది, గుంటల్ని మింగేస్తుంది. గట్టి టైరుతో మీరు ప్రతి గుంట మీదా కొంచెం పైకి లేస్తారు, లేచిన ప్రతిసారీ వేగం పోతుంది. తారు రోడ్డు మీద నేర్చుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులు, అందుకే నమ్మబుద్ధి కాదు. వరసగా రెండు చుట్లు, ఒకటి 40తో ఒకటి 27తో తొక్కి చూడండి. చెవులతోనే తేడా తెలుస్తుంది, సైకిలు గలగలలాడటం ఆగిపోతుంది.

దిగడం, ఎక్కడం. ఇక్కడ మనవాళ్ళకి పుట్టుకతో వచ్చిన సౌలభ్యం ఒకటుంది, దాన్ని మర్చిపోయాం అంతే. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఊరి పోస్ట్‌మాన్ ఇల్లు ఇంకా పదడుగులుందనగా కుడికాలు సీటు వెనక నుంచి తిప్పి ఎడమవైపుకి తెచ్చేవారు. ఎడమ పెడల్ మీద ఒంటికాలితో నిలబడి అలా జారుకుంటూ వచ్చి, సైకిలు ఆగకముందే నడకలోకి దిగి, అదే ఊపులో ఉత్తరం గుమ్మంలోకి విసిరేవారు. మీరూ చూసే ఉంటారు. క్రాస్‌లో దిగడమంటే అచ్చం అదే. ఇక్కడ డబ్బులు కట్టి శిక్షణ క్లినిక్కులకి వెళ్ళి నేర్చుకుంటారు. నేనూ వెళ్ళాను, అక్కడ రెండోసారి చేస్తుంటే ఆ ఖాకీ చొక్కా గుర్తొచ్చి నవ్వొచ్చింది.

వరస ఇలా ఉంటుంది. పలకలకి పది పదిహేను మీటర్ల ముందు బ్రేకులు కొట్టి వేగం సర్దుకోండి. కుడికాలి క్లీటు (బూటు అడుగున పెడల్‌కి బిగుసుకునే పట్టు) విడిపించి వెనక నుంచి ఎడమవైపుకి తిప్పండి. కుడిచేయి హ్యాండిల్ వదిలి టాప్ ట్యూబ్ (సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే పైగొట్టం) పట్టుకుంటుంది, ఎడమచేయి హ్యాండిల్ మీదే ఉంటుంది. ఎడమకాలు క్లీటులోంచి వచ్చిందో లేదో ఈ క్షణంలో తెలియాలి. రాకపోతే పలకల ముందే సాష్టాంగ నమస్కారం. అందుకని కొత్తలో ఎడమకాలు ముందే వదులు చేసుకుని, పెడల్ మీద ఊరికే ఆనించి ఉంచండి. క్లీటులంటే మరీ భయమైతే మొదటి రేసుకి మామూలు ఫ్లాట్ పెడల్స్ వేసుకుని రండి, ఎవరూ ఏమీ అనరు. దిగాక మొదట నేలకి తగిలేది కుడికాలు, ఆ అడుగు ముందుకి పడాలి. చేతిసంచి ఎత్తినట్టు టాప్ ట్యూబ్ పట్టుకుని సైకిలు పైకెత్తి, పలకలు దాటి, మెల్లగా కింద పెట్టండి. విసిరితే చైను ఊడుతుంది.

ఎక్కడం దీనికంటే కష్టం. టీవీలో డచ్ ఛాంపియన్ వాన్ డర్ పూల్ ఎక్కడం చూసి గాల్లోకి ఎగిరి సీటు మీద కూర్చోవాలనుకుంటారు. అక్కడ జరిగేది అది కాదు. పరుగులో ఎడమకాలితో నేలని వెనక్కి తన్ని, కుడి తొడ లోపలి భాగాన్ని సీటు మీద ఆనించి మధ్యలోకి జారతారు. పైకి గంతు కాదు, ముందుకి జారడం. మగవాళ్ళు దీన్ని ఒక్కసారి తప్పుగా చేస్తే చాలు, రెండోసారి చేయమన్నా చేయరు. మొదటి వారమంతా నడకలోనే చేయండి. నడుస్తూ, ఒక్క తోపు, తొడ ఆనించు, జారు. రెండో వారం నెమ్మది పరుగులో. ఎక్కేముందు రెండు బుల్లి అడుగులు తడబడటం అందరికీ ఉంటుంది, అది పోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

రోజుకి ఇరవై నిమిషాలు, వారానికి మూడుసార్లు చాలు. మెత్తటి గడ్డి ఉన్న పార్కులో రెండు చెట్టుకొమ్మలు అడ్డంగా పెట్టుకోండి. వాన పడ్డరోజు మాత్రం ఆడుకునే మైదానాల్లోకి పోకండి, చక్రాల గాడులు పడతాయి, తర్వాత మనందరినీ రానివ్వరు. అలసిపోయాక కూడా ఒక పదిసార్లు చేయండి, ఎందుకంటే రేసులో మీరు చేసేది ఆ స్థితిలోనే. తీరిగ్గా ఉన్నప్పుడు అందంగా వచ్చిన దిగుడు, గుండె 175 కొట్టుకుంటున్నప్పుడు ఎటు పోతుందో తెలియదు.

మెట్లూ గట్లూ వచ్చినప్పుడు భుజాన వేసుకోవాలి. కుడిచేయి ఫ్రేములోంచి దూర్చి, టాప్ ట్యూబ్ భుజం మీదకి తెచ్చి, అదే చేత్తో ఎడమ హ్యాండిల్ కొమ్ము పట్టుకోవడం. చిన్నప్పుడు పంటకాలువ అడ్డొస్తే నాన్నగారి హెర్క్యులస్ భుజానికెత్తుకుని దాటడం నాకు తెలుసు. దానితో పోలిస్తే మీ బైకు దూదిపింజె.

ఇక రేసు తొక్కడం. తెలుగువాళ్ళకి ఆరంభశూరులని పేరుంది కదా, ఆ పేరు ఇక్కడ నిలబెట్టకండి. విజిల్ ఊదగానే అందరూ పిచ్చిపట్టినట్టు పోతారు. ముందున్నవాళ్ళకి అది అవసరమే, మొదటి ఇరుకు మలుపులోకి ఎవరు ముందు పోతే వాళ్ళకి దారి ఖాళీగా ఉంటుంది, వెనకున్నవాళ్ళు ట్రాఫిక్ జామ్‌లో కాళ్ళు నేల మీద పెట్టి నిలబడతారు. కానీ మీరు ఎలాగూ చివరి వరసల్లో మొదలవుతారు. మొదటి చుట్టు ఊపిరి మీ చేతిలో ఉండేలా తొక్కండి. మొదటి రెండు నిమిషాల్లో ఎగిరి పోయినవాడు రెండో చుట్టులో నోరు తెరుచుకుని పక్కకి తప్పుకుంటాడు. అలాంటివాళ్ళు పదిమందైనా ఉంటారు, వాళ్ళని ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోవడం ఈ ఆటలో నాకు తెలిసిన గొప్ప సుఖం. నా మొదటి రేసులో నేను దాటినవాణ్ణి కాదు, దాటించుకున్నవాణ్ణి. పన్నెండేళ్ళుండే పిల్లాడొకడు 'బాగా తొక్కుతున్నారు సార్' అన్న ధోరణిలో ఏదో అని పక్కనుంచి పోయాడు. వాడు వెటకారానికి అనలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

మీలో ఇంకా బలం ఉంటే అది తిన్నని దారిలో ఖర్చు చేయండి, మలుపుల్లో కాదు. మలుపుకి ముందే బ్రేకు అయిపోవాలి, మలుపులో వేళ్ళు బ్రేకు మీద నుంచి తీసేయండి. చూపు మలుపు బయటికి పోయే చోట ఉండాలి, ముందు చక్రం మీద కాదు. అడ్డవాలులో బరువు కిందివైపు పెడల్ మీద పెట్టి, కళ్ళు పైన మీరు పోవాల్సిన దారి మీద ఉంచండి. కళ్ళు కిందికి చూస్తే సైకిలు కిందికే పోతుంది. ఇసుక వస్తే రెండే దారులు. వేగంగా దూరి, బరువైన గేరులో, చేతులు వదులుగా పెట్టి, గాడిలో సైకిలు ఎటు పోతే అటు పోనివ్వడం ఒకటి. మొదటే దిగి పరిగెత్తడం రెండోది. మధ్యదాకా తొక్కి ఆగిపోయి అప్పుడు దిగడం అన్నిటికంటే నెమ్మది, అందరూ చేసేది అదే.

ఎంత బలంతో తొక్కుతున్నారో చూపే పవర్ మీటరు ఇంట్లో పెట్టి రండి. రేసులో అది చూసే తీరిక ఉందంటే మీరు గట్టిగా తొక్కడం లేదన్నమాట.

సెప్టెంబరు రేసుల గురించి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. సైక్లోక్రాస్ ఫొటోలన్నిటిలో బురద ఉంటుంది కాబట్టి మీరు ముళ్ళ టైర్లు, రెండు పొరల బట్టలు వేసుకుని వస్తారు. ఒరెగాన్‌లో వానలు బాగా పట్టేది అక్టోబరు మధ్య నుంచి. సీజన్ మొదట్లో నేల రాయిలా ఉంటుంది, దుమ్ము ముక్కుల్లో చేరుతుంది, ఒక్కోసారి ఎండ 30 డిగ్రీలు కూడా ఉంటుంది. గట్టినేల మీద సన్నటి దుమ్ము పొర ఉంటే మలుపుల్లో గోళీల మీద తొక్కినట్టే. కాబట్టి టైరు మధ్యలో నున్నగా, పక్కల చిన్న గుబ్బలు ఉన్నదైతే మేలు. ఒక్క పొర జెర్సీ, కళ్ళద్దాలు. ముందురోజు నుంచే నీళ్ళు బాగా తాగండి.

వానలు పట్టాక ఇది వేరే ఆట. మా కృష్ణా డెల్టాలో నల్లరేగడి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం కదలకపోతే పుల్లతో పొడుచుకుంటూ బడికి పోయినవాళ్ళకి కొత్తేమీ కాదు. ఇక్కడి విల్లామెట్ లోయ బంకమట్టి రేగడికి చుట్టమే. దానికి తెగిన గడ్డి కలిస్తే ఇంకా దారుణం, తాడులా పేనుకుని వెనక గేర్లలోకి పోతుంది. నా మూడో సీజన్ నవంబరు రేసులో చైను బిగుసుకుంటున్నట్టు అనిపించినా ఆపకుండా బలంగా తొక్కాను. 'ఠక్' మని శబ్దం. గేర్లు మార్చే వెనక డిరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగి, డిరెయిలర్ ఊడి చక్రం ఊచల్లో వేలాడుతోంది. రెండోబైకు లేదు. కిలోమీటరు పైన సైకిలు మోసుకుని పరిగెత్తి ముగించాను, జనం మాత్రం గెలిచినవాడికంటే నాకే ఎక్కువ గంటలు మోగించారు. ఆ హ్యాంగర్ అరచేతిలో సగం కూడా ఉండని అల్యూమినియం ముక్క, మీ ఫ్రేముకి సరిపోయేది ఒకటి ఇప్పుడే తెప్పించి సంచిలో పడేసుకోండి. బురదలో గేరు మొరాయిస్తే బలం ఉపయోగించకండి. దిగి, గడ్డి పీకి, మళ్ళీ ఎక్కండి. పది సెకన్లు పోతాయి, పోనివ్వండి.

రేసు రోజు లెక్క ఇలా పెట్టుకోండి. మీ రేసుకి రెండు గంటల ముందు చేరండి. ఒరెగాన్‌లో రేసులు నడిపేది ఓబీఆర్ఏ అనే రాష్ట్ర సంఘం, అది జాతీయ సంఘం యూఎస్ఏ సైక్లింగ్‌తో సంబంధం లేకుండా సొంతంగా నడుస్తుంది. మొదటిసారి ఒక్కరోజు లైసెన్సు తీసుకుంటే చాలు, నచ్చితే తర్వాత ఏడాదికి కట్టొచ్చు. నంబరు ఏవైపు గుచ్చుకోవాలో అక్కడే చెబుతారు, సేఫ్టీ పిన్నులు నాలుగు కాదు ఎనిమిది వాడండి, ఒక చేత్తో సైకిలు మోస్తుంటే కాగితం రెపరెపలాడితే చిరాకు. రెండు రేసుల మధ్య కోర్సు తెరిచినప్పుడు కనీసం రెండు చుట్లు తిరగండి. మొదటిది నెమ్మదిగా, ఎక్కడ దిగాలో, దిగాక ఏ గేరు ఉండాలో చూసుకుంటూ. గట్టు పైకి పరిగెత్తి పైన ఎక్కాక బరువైన గేరులో ఇరుక్కుంటే మళ్ళీ దిగాల్సిందే. రెండోది కాస్త వేగంగా. పొద్దున చూసుకున్న దారి మధ్యాహ్నానికి ఉండదు, రెండొందలమంది తొక్కేసరికి గుంటలు మారిపోతాయి, అందుకని మీ ముందు రేసు జరుగుతుంటే టేపు పక్కన నిలబడి మంచివాళ్ళు ఎటు పోతున్నారో చూడండి. తర్వాత ఇరవై నిమిషాలు చెమట పట్టేదాకా వార్మప్.

తిండి గురించి ఒక్కటే చెబుతాను. మూడు గంటల ముందు తినడం అయిపోవాలి. ఒకసారి దసరా మర్నాడు రేసు పడింది, ఇంట్లో పులిహోర మిగిలింది, గంట ముందు కదా అని పావు డబ్బా లాగించాను. రెండో చుట్టులో చింతపండు గొంతులోకి వచ్చింది. అంతకంటే వివరంగా వద్దు.

ఇది మాత్రం సరదాకి కాదు. అరగంటపాటు గుండె దాదాపు గరిష్ఠ వేగంతో కొట్టుకుంటుంది, మధ్యలో విశ్రాంతి ఉండదు. శనివారం డెబ్భై కిలోమీటర్లు పోవడం వేరు, ఇది వేరు. మన దక్షిణాసియా వాళ్ళకి గుండెజబ్బులు మిగతావాళ్ళకంటే చిన్నవయసులో వస్తాయని తెలిసిందే. నలభై దాటారు, ఇంట్లో ఎవరికైనా షుగరు, బీపీ, గుండె సమస్య ఉంటే ఈ మూడు వారాల్లోనే డాక్టరుని కలిసి అడగండి. ఛాతీలో బిగుతు, కళ్ళు తిరగడం అనిపిస్తే టేపు పక్కకి వచ్చి ఆగిపోండి. నాతోపాటు తొక్కే ఒకాయన ఇలాగే ఆగి, పరీక్షలు చేయించుకుని, స్టెంటు వేయించుకుని, రెండేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చాడు.

ఇప్పుడు ఆ చివర రావడం సంగతి. చుట్టు దారి కాబట్టి అరగంట గడిచేసరికి జనం కోర్సంతా చెల్లాచెదురుగా ఉంటారు. ఎవడు మొదటివాడో ఎవడు చివరివాడో చూసేవాళ్ళకి తెలియదు. ప్రొఫెషనల్ రేసుల్లో బాగా వెనకబడినవాళ్ళని తప్పిస్తారు, మా దగ్గర అలా చేయరు. ముందువాడు మిమ్మల్ని ఒక చుట్టు దాటేస్తే మీ దారిలో మీరు తిన్నగా ఉండండి, కంగారుపడి అటూఇటూ తిప్పకండి, వాడే చూసుకుని పోతాడు. వాడు ముగించాక మీరు ముగింపు గీత దాటగానే మీ రేసూ అయిపోయినట్టే. నిజం చెప్పాలంటే అప్పుడు చుట్టు తక్కువైనందుకు సంతోషిస్తారు.

అరుపులకి మాత్రం సిద్ధపడి రండి. 'డబ్బులు కట్టి మరీ వచ్చావుగా, తొక్కు!' అనేది ఇక్కడ పాత జోకు. గట్టు మీద ఎవరో డాలరు నోటు చాపి పట్టుకుంటారు, అందుకుంటే మీదే. హాలోవీన్ దగ్గర పడితే అరటిపండు వేషంలో ఉన్నవాడు మిమ్మల్ని దాటుకుని పోతాడు. మొదటి ఏడాది మా ఆవిడ చూడటానికి వచ్చి, 'ఇంత చేసి వీళ్ళు మీకు ఏమీ ఇవ్వరా, పైగా మీరే కడతారా?' అని అడిగింది. ఇప్పుడు గంట తెచ్చి అందరికంటే గట్టిగా మోగించేది ఆవిడే. పిల్లలుంటే తీసుకురండి, చాలా చోట్ల వాళ్ళకి చిన్న రేసు పెడతారు.

కారులో ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టి, పాత తువ్వాలు, పొడి సాక్సులు ఉంచుకోండి. అపార్ట్‌మెంటులో ఉంటే కార్పెట్ మీదకి ఆ బూట్లతో పోకండి, నేను ఒక డిపాజిట్ అలాగే పోగొట్టుకున్నాను. సైకిలు కడిగేటప్పుడు గొట్టంతో మెల్లగా పారించండి, ప్రెషర్ వాషర్ బేరింగుల మీదకి కొట్టకండి, నీళ్ళు లోపలికి పోయి నెలలో గరగరమంటాయి. కడిగాక చైను తుడిచి నూనె వేయండి, మర్నాటికి వాయిదా వేస్తే తుప్పు మీకంటే ముందు లేస్తుంది.

మీ టైర్లు ట్యూబ్‌లెస్సా కాదా అన్నది మీ ప్రశ్నలో లేదు. అది కింద రాయండి, ఏ పెడల్స్ వాడుతున్నారో కూడా రాయండి. గాలి లెక్క దాన్నిబట్టి సరిచేసి చెబుతాను.